ఉప్పుపిండిలో టాన్సీ చెయ్యి

ఆర్ఫా స్టాంపర్ ఇంట్లోంచి చెత్తబుట్టలోకి పోయేది బహు తక్కువ. గుడ్డు పెంకులు కడిగి ఆరబెట్టి, వాటి మీద సీసా దొర్లించి పొడి చేసి, గంజిలో కలిపి కాగితపు గొట్టాల్లో కూరితే సుద్దముక్కలయ్యేవి. అక్రోటు కాయల పై తొక్కలు బకెట్లో నానబెడితే సిరా. ఎండాకాలం చివర రోడ్డు గట్ల మీద గుత్తులుగా కాసే నల్లటి విషపు పళ్ళు పిండితే మంచి గులాబీ రంగు వచ్చేది గానీ, అవి కోసే రోజు పిల్లలెవర్నీ వాకిట్లోకి రానిచ్చేది కాదు. అరిగిపోయిన మైనపు రంగుముక్కల్ని రొట్టెల పళ్ళెం గుంటల్లో కరిగించి కొత్తవి పోసేది. కుంచెలకు తన జుట్టే. ఏడాదికోసారి జడ చివర జానెడు కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా పుల్లలకు కట్టేది. వయసు మీద పడ్డాక ఆ కుంచెలు తెల్లగా వచ్చేవి. పిల్లలకు అవే ఎక్కువ నచ్చేవి.

ఇదంతా సరదాకి మొదలుపెట్టింది కాదు. కూతురు రీథాకి అయిదేళ్ళప్పుడు ఆర్ఫా మొగుడు ఆర్లీ, బొగ్గు గనిలో పనిచేస్తూ పోయాడు. పై కప్పు కూలింది. శవపెట్టెకు మేకులు కొట్టేసి తెచ్చారు, తెరవొద్దన్నారు. ఆర్ఫా తెరవలేదు. ఆ ఏడే రీథాని బడిలో వేస్తే, రంగులూ జిగురూ తెచ్చుకోమని చీటీ పంపారు. అవి కొనే స్థితి కాదు. ఆ సాయంత్రం ఆర్ఫా పిండి కలిపి జిగురు ఉడికించింది, బీట్‌రూట్ ఉడికిన నీళ్ళు డబ్బాలో పోసింది. అప్పట్నుంచి ముప్ఫయ్యేళ్ళు. అమెరికాలో కెంటకీ తూర్పు కొండల్లో వాళ్ళుండే లోయలో ఉన్న పిల్లలంతా ఆదివారం బడిలో ఆర్ఫా జిగురుతో అతికించి, ఆర్ఫా రంగులు పూసి పెద్దవాళ్ళయినవాళ్ళే. ఆవిడకు చదువు ఎనిమిదో తరగతి దాకానే. కొలతలన్నీ చేతికి తెలుసు, కాగితం మీద ఎప్పుడూ రాయలేదు.

అన్నిటికన్నా పేరొచ్చింది ఉప్పుపిండికి. రెండు గ్లాసుల పిండి, గ్లాసు ఉప్పు, తగినన్ని నీళ్ళు. ఆ కొండల్లో పిండి అంటే ఒకటే పిండి. పొద్దున్నే మజ్జిగ పోసి కలిపి, గుండ్రంగా కోసి పొయ్యిలో పెడితే బాగా పొంగి వచ్చే రొట్టెలకు వాడేది. అది తప్ప వేరే రకం సంచి ఆర్ఫా ఇంటి గడప తొక్కింది లేదు, వాళ్ళమ్మ ఇంట్లోనూ లేదు. ఆ ముద్దతో పిల్లలు పిట్టల్నీ గుర్రాల్నీ చేసేవాళ్ళు. బొగ్గు పొయ్యి పక్కన పలక మీద ఉంచితే వారానికి రాయిలా అయ్యేవి. ఎవరూ వాటిని పొయ్యిలో పెట్టి కాల్చలేదు. ఆ అవసరం రాలేదు.

రీథా కూతురు టాన్సీ. దాని తండ్రి అది నడక నేర్వకముందే ఎటో పోయాడు. తల్లీ కూతుళ్ళు ఆర్ఫా దగ్గరే ఉండేవాళ్ళు. టాన్సీకి ఆరో ఏట రక్తంలో జబ్బు వచ్చింది. ఏడాదిన్నర పట్నం ఆసుపత్రి చుట్టూ తిరిగారు. మార్చి నెలలో అక్కడి డాక్టరు, ఇంక ఇంట్లోనే ఉంచుకోండి, దానికిష్టమైంది పెట్టండి అన్నాడు. రీథా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆర్ఫాకు చెప్పకుండానే అర్థమైంది. ఇంటికొచ్చి ముందు గదిలో మంచం వేసి, కిటికీ తుడిచింది.

ఏప్రిల్‌లో ఒక సోమవారం మధ్యాహ్నం టాన్సీకి కాస్త తెలివిగా ఉంది. కూర్చుంటానంది. ఆర్ఫా ముద్ద కలిపి, పలక మీద బిళ్ళగా తట్టి, తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది.

"చెయ్యి చాపు తల్లీ. నీ చెయ్యి నాకు కావాలి."

"మరి నాకో?"

"నీది నీకే ఉంటుంది. దాని గుర్తు మేముంచుకుంటాం."

టాన్సీ చెయ్యి పెట్టకుండా ముందు ఒక చిటికెడు తుంచి నాలుక మీద వేసుకుంది. మొహం ముడిచింది.

"అమ్మమ్మా, నువ్వు వండే చిక్కుడుగింజల్లో కూడా ఇంత ఉప్పు ఉండదే."

"వాటిల్లో అసలు ఉప్పే ఉండదు," అంది రీథా గుమ్మంలోంచి. "ఉప్పంతా ఈ బొమ్మలకే పోస్తుంది మీ అమ్మమ్మ."

"తినేటప్పుడు ఇద్దరూ మూడేసి గిన్నెలు లాగిస్తారు, అప్పుడు గుర్తుకు రాదు కాబోలు," అంది ఆర్ఫా.

రీథా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా నెలలైంది. టాన్సీ వేళ్ళన్నీ వీలైనంత వెడల్పుగా చాచి ముద్ద మీద ఆనించి, రెండో చేత్తో పైనుంచి నొక్కింది. చిటికెన వేలు తలుపు సందులో పడి ఒకప్పుడు కొంచెం వంకరపోయింది. ఆ వంకర కూడా ముద్దలో దిగింది. అరచేతి గీతలు సైతం దిగాయి. ఆర్ఫా దాన్ని తీసుకెళ్ళి పొయ్యి పక్కన ఆరబెట్టింది.

గురువారం తెల్లవారుతుండగా టాన్సీ పోయింది.

ఆ వారమంతా వాన. గోడలు చెమ్మగిల్లాయి. పొయ్యి ఎంత మండించినా పలక మీది ముద్ద ఆరలేదు. పైన పొర గట్టిపడి లోపల పచ్చిగానే ఉంది, అంచున బూజు చుక్క కూడా కనిపించింది. శుక్రవారం పొద్దున రీథా వంటింట్లోకి వచ్చింది. రెండు రోజులుగా కట్టుకున్న బట్టలే ఉన్నాయి ఒంటిమీద. రేపు చర్చిలో పెట్టె మూసేటప్పుడు ఆ చేతి గుర్తు తన చేతిలో ఉండాలని అడిగింది. లేకపోతే మూయనివ్వనంది.

"ఉంటుంది. మధ్యాహ్నానికల్లా ఇస్తాను, నువ్వెళ్ళి పడుకో," అంది ఆర్ఫా.

రీథా వెళ్ళాక ఆర్ఫా రొట్టెలు కాల్చే కరెంటు పొయ్యి సన్న సెగ మీద పెట్టి, పలకతో సహా ముద్దను లోపలికి తోసింది. తొందర ఎప్పుడూ పడని మనిషి. ఆ రోజు తొందరపడింది. గంట గడిచాక తలుపు తీసి చూసింది.

ముద్ద పొంగింది. మామూలుగా పొద్దున రొట్టెలు ఎలా పొంగుతాయో అలాగే, నిండుగా, మధ్యలో ఉబ్బి. వేళ్ళున్న చోట అయిదు చిన్న సొట్టలు మిగిలాయి. అరచెయ్యి మూసుకుపోయింది. గీతలు లేవు, వంకర చిటికెన వేలు లేదు. కాసేపటికి పైన పగులు కూడా వచ్చింది. ఆర్ఫా పొయ్యి ఆర్పింది. పలక బయటికి తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. ముప్ఫయ్యేళ్ళు అదే పిండి, అదే ఉప్పు. ఎక్కడ తప్పు చేసిందో ఎంత వెనక్కి తిరిగి వెతికినా దొరకలేదు.

అప్పుడే పాస్టరు భార్య జూడిత్ కూర గిన్నె పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చింది. ఉత్తరాన ఇండియానాలో పుట్టి పెరిగిన మనిషి, ఆ లోయకు వచ్చి రెండేళ్ళయింది. బల్ల మీది దాన్ని చూసి ఏమిటని అడిగింది. ఆర్ఫా చెప్పింది. జూడిత్ అల్మారాలోంచి పిండి సంచి తీసి, వెనక చిన్న అక్షరాలు చదివింది.

"ఆర్ఫమ్మా, దీంట్లో పొంగించే పొడి కలిపే ఉంటుంది. ఉప్పు కూడా. ఇది రొట్టెల పిండి. సెగ తగిలితే పొంగకేం చేస్తుంది? మా వైపు దీనికి మామూలు పిండి వాడతారు."

"మామూలు పిండంటే?"

"ఏమీ కలపనిది."

"పిండిలో ఏమీ కలపకపోతే అది రొట్టె ఎలా అవుతుంది పాస్టరమ్మా," అంది ఆర్ఫా. నిజంగానే అడిగింది. జూడిత్ సంచి అల్మారాలో పెట్టేసి, తన ఇంట్లో ఏమీ కలపని పిండి సగం సంచి ఉందనీ, తెస్తాననీ అంది. తెచ్చి ఏం చేస్తారని ఆర్ఫా అడగలేదు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. టాన్సీ ఇంకా మట్టిలోకి పోలేదు.

రీథాకు తెలియనక్కర్లేదని ఆర్ఫా అనుకుంది. గుర్తు తెచ్చి ఇస్తే చాలు, ఎప్పటిదో ఎవరడుగుతారు. జూడిత్ తెచ్చిన పిండితో ముద్ద కలిపింది. ఈ పిండి చేతికి కొత్తగా తగిలింది, సుద్దలా పొడిపొడిగా ఉంది. తడిగుడ్డ చుట్టి, జూడిత్ కారులో ఊళ్ళో టాన్సీని ఉంచిన చోటికి వెళ్ళింది.

శవాలను సిద్ధం చేసే హోబర్ట్ ఇంగిల్ చిన్నప్పుడు ఆర్ఫా దగ్గర పిట్టలు చేసినవాడే. విషయం విని తల వంచుకున్నాడు. లోపలికి తీసుకెళ్ళి, పెట్టె మూత పైకి లేపాడు. టాన్సీకి నీలం గౌను తొడిగారు. చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

"వేళ్ళు బిగుసుకున్నాయి అక్కా. నెమ్మదిగా చాపితే కాస్త వస్తాయి. పూర్తిగా మాత్రం రావు. గట్టిగా లాగొద్దు," అన్నాడు.

ఆర్ఫా ముద్ద విప్పి పక్కన పెట్టుకుంది. చెయ్యి పట్టుకుంది. వాకిట్లో మరిచిపోయిన ఇనప చెంచాలు చలికాలం పొద్దున ఎంత చల్లగా ఉంటాయో అంత చల్లగా ఉంది. చూపుడు వేలు చాపబోయింది. వేలు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి వేలు కదిలింది గానీ, అది కదలగానే ఆమె వదిలేసింది. చెయ్యి మళ్ళీ యథాస్థానంలో పెట్టి, ముద్దకు గుడ్డ చుట్టేసింది.

"నావల్ల కాదు హోబర్ట్."

"నన్ను తియ్యమంటావా?"

"వద్దు. ఇంకెవరూ వద్దు."

ఇంటికొచ్చి రీథాకు చెప్పేసింది. పిండి సంగతీ, పొయ్యి సంగతీ, పెట్టె దగ్గరికి వెళ్ళిన సంగతీ ఏదీ దాచకుండా. పొంగిన బిళ్ళ తెచ్చి మంచం మీద పెట్టింది. రీథా దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. వేళ్ళ సొట్టల్లో తన వేళ్ళు పెట్టి చూసుకుంది. ఒకటీ సరిపోలేదు.

"ఆరకపోతే ఆరనీయొచ్చుగా," అంది. "పచ్చిదే నాకిస్తే నేను పట్టుకుని ఉండేదాన్నిగా. వారం పట్టనీ. నెల పట్టనీ."

"రేపటికి కావాలన్నావు."

"నేనేదో అంటాను. నేనిప్పుడు ఏదైనా అంటాను. నీకు తెలియాలి కదమ్మా."

తప్పు పిండిదని ఆర్ఫా అనొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రీథా లేచి చెప్పులు వేసుకుంది. కోటు వెతుక్కుంది.

"ముద్ద ఉందా?"

"ఉంది."

"నువ్వు రా. చేత్తో ముట్టుకోకు, పలక పట్టుకో చాలు."

హోబర్ట్ మళ్ళీ మూత ఎత్తి, తను గోడ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. రీథా కూతురి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. వేడెక్కిద్దామని కాబోలు. వేడెక్కలేదు. బయట వాన ఆగి మళ్ళీ మొదలైంది. అప్పుడు ఒక్కో వేలే చాపింది. స్నానం చేయించేటప్పుడు పిల్ల మొండికేస్తే గుప్పిలి ఎలా విప్పేదో అలాగే, మధ్య వేలుతో మొదలుపెట్టి. నాలుగు వేళ్ళు దగ్గర దగ్గరగా వచ్చాయి. బొటనవేలు లోపలికే ఉండిపోయింది. ఆర్ఫా పలక ముందుకు జరిపింది. రీథా ఆ చేతిని ముద్ద మీద పెట్టి, దాని మీద తన అరచెయ్యి ఆనించి నొక్కింది. చాలాసేపు నొక్కి ఉంచింది.

చెయ్యి ఎత్తాక చూస్తే గుర్తు లోతుగా లేదు. సోమవారం నాటి దానికి దీనికి పోలికే లేదు. అది అయిదు వైపులకూ పరిగెత్తే చెయ్యి. ఇది పడుకున్న చెయ్యి. గీతలు కనిపించీ కనిపించనట్టున్నాయి. చిటికెన వేలి వంకర మాత్రం ఉంది. చుట్టూ అంచున, పెద్దవిగా, రీథా వేళ్ళ కొనలు నాలుగు, మణికట్టు దగ్గర ఆమె అరచేతి మొదలు దిగబడి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ ఆర్ఫా వేలు తడిచేసుకుని ఆ అంచు నునుపు చెయ్యబోయింది.

"ముట్టుకోవద్దన్నానా," అంది రీథా. గొంతు పెంచలేదు. "అది నాది."

మర్నాడు పెట్టె మూసేటప్పుడు కొత్త బిళ్ళ ఇంకా పచ్చిగా ఇంట్లోనే ఉంది, రీథా చేతులు ఖాళీగానే ఉన్నాయి. మూయనిచ్చింది.

ఆ బిళ్ళ ఆరడానికి పదకొండు రోజులు పట్టింది. రీథా దాన్ని పొయ్యి దరిదాపులకు పోనివ్వలేదు. తన మంచం పక్క కిటికీలో పెట్టుకుని రోజూ ఒకసారి తిరగేసేది. ఆ పదకొండు రోజులూ తల్లితో తిండికి తప్ప మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి, ఆరిపోయిందని చెప్పింది. ఆర్ఫా చేతులు కడుక్కుంటోంది. చూపించమని అడగలేదు. రీథా చూపించలేదు.