నీళ్లు పడింది రెండో బోరుకు

ఈ రోజు కడపలో మా కాలేజీ పిల్లలకు ఎస్‌ఎస్‌ఎల్ పాఠం చెప్పాను. ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని పరాయివాళ్లు చదవకుండా కాపాడేందుకు మొదట్లో వచ్చిన పద్ధతి అది. జనానికి అందింది రెండో వెర్షన్ నుంచే.

"ఒకటోది యాడ పోయింది సార్?" అని వెనక బెంచీలో ఒకడు నవ్వాడు. లోపాలుండి విడుదలే కాలేదన్నాను. "మరి దీన్నే ఒకటి అనచ్చు గదా సార్?"

రాయచోటి నుంచి వచ్చే రెడ్డెమ్మ లేచింది. "మా చేన్లో మొదటి బోరుకు దుమ్ము తప్ప ఏం రాలే. నీళ్లు పడిండేదాన్ని మా నాయన ఇప్పటికీ రెండో బోరనే అంటాడు. మొదటిది ఏసినాంకనే గదా, యాడ ఏయాలో తెలిసింది!"

ఇంటికొచ్చి, పోయిన వారం ప్రచురణకర్త వద్దని తిప్పి పంపిన నా పుస్తకం రాతప్రతి తీసి, తిరగరాయడానికి కొత్త కాగితం పైన 'వెర్షన్ రెండు' అని రాశాను.

మీకు ఎన్నో బోరుకు నీళ్లు పడ్డాయి?