అన్నం కంచం మీద గుండెకాయ

మా ఇంట్లో ఎవరేం అడిగినా జవాబు నాదే. చెల్పూర్ కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర డ్యూటీ నాది, అయినా నాకు తెలియని సంగతి లేదు. పదో తరగతి చదివే మా బిడ్డ డాక్టరవుతుందనీ తెలుసు. పరీక్షలు కాగానే ఇంటర్‌లో బైపీసీలో చేర్చాలని తేల్చేశాను. బిడ్డను అడగలేదు. తెలిసిన సంగతి అడగడమెందుకు? షిఫ్టులో అందరికీ చెప్పేశాను. ఒకాయన అప్పుడే తన బీపీ గోలీల గురించి నన్ను అడగడం మొదలుపెట్టాడు, నేనూ చెప్పడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం అన్నానికి కూర్చుంటే బిడ్డ నా ఫోన్ తీసి కంచం వైపు తిప్పింది. ఫోన్లో నా పప్పన్నం పైన ఇంత గుండెకాయ లేచి టపటపా కొట్టుకోసాగింది.

"ఓయమ్మో! తినేకాడ గిదేంది?" అని మా ఆవిడ అరిచింది.

బడిలో కొత్త పాఠమట. ఆ గుండెకాయ తన గురించే ప్రశ్న వేస్తుంది. కానీ జవాబు కంటే ముందు మనకెంత తెలుసో మనల్నే చెప్పమంటుంది. మూడు మీటలు: ఖాయంగా తెలుసు, తెలుసనుకుంటున్నా, తెలియదు. తమకెంత తెలుసో పిల్లలు తామే కనిపెట్టుకోవాలట.

"ఇటియ్యి," అని ఫోన్ లాక్కుని 'ఖాయంగా తెలుసు' మీట నొక్కాను. జవాబు చెప్పాను, తప్పు. మళ్లీ ఖాయంగా నొక్కాను. మళ్లీ తప్పు.

"ఫోన్ ఖరాబైంది," అన్నాను.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"బాపు, గిప్పుడు నేనడుగుత. ముందు నొక్కు," అంది బిడ్డ.

ఖాయంగానే నొక్కాను, నాకేం భయం!

"ఇంటర్ల నేనేం తీసుకుందామనుకుంటున్న?"

బైపీసీ అనబోయి దాని మొఖం చూశాను. నవ్వడం లేదు. నా చేతిలో ఫోన్ పక్కకు వాలి, గుండెకాయ కంచం దాటి ఉప్పుగిన్నె మీదికి పోయింది. నిజంగానే భయమేసింది. మెల్లగా మూడో మీట నొక్కాను.

"నువ్వే చెప్పు బిడ్డా, ఏం తీసుకుంటవు?"

"నాకు గూడ ఇంకా తెల్వది బాపు. గదే చెప్దామంటే నువ్వు ఆగకపోతివి," అని కంచం ముందుకు లాక్కుని మారన్నం పెట్టించుకుంది.

మర్నాడు షిఫ్టులో బీపీ ఆయన వచ్చాడు. "అన్నా, గోలీ తిన్నంక ఏసుకోవాల్నా, తినకముందా?"

"నాకు తెల్వదే. దవాఖానకు పోయి అడుగు," అన్నాను.

ఆయన పరేషానై నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏమైందన్నా, పాణం మంచిగ లేదా?"