అక్క కిడ్నీ

సోఫాలకు మెత్తలు కుట్టే అతన్ని ఆ వీధిలో అందరూ ముసుగాయన అనేవారు. చేసేది దుమ్ములో పని, ఒంట్లో ఉన్నది వేరొకరి కిడ్నీ. అందుకే ముక్కుకు గుడ్డ కట్టకుండా కొట్టు తెరిచేవాడు కాదు. ముప్పై ఏళ్లు నిండకముందే అతని కిడ్నీలు రెండూ చెడిపోతే, బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే అక్క తనది ఒకటి ఇచ్చింది.

"రెండున్నాయిగా. ఒకటి వీడికిస్తే నాకేం తక్కువవుతుంది?" అంది.

ఆపరేషన్ అయ్యాక తల్లి కొడుకు మంచం వదల్లేదు. కాచి చల్లార్చిన నీళ్లు, విడిగా గ్లాసు, ముట్టుకునే ముందు చేతులకు సబ్బు. పక్క గదిలో అక్క తనే లేచి గోడ పట్టుకుని నడిచింది. కుట్లు మానీ మానకముందే మళ్లీ పొయ్యి ముందు నిలబడింది.

ఏళ్లు గడిచాయి. తమ్ముడు ఒక్క పూట కూడా మాత్రలు మానలేదు. పరీక్షలకు వెళ్లినప్పుడల్లా డాక్టరు కుర్ర డాక్టర్లను పిలిచి మరీ అతన్ని చూపించేవాడు. "కొత్తదానిలా పనిచేస్తోంది చూడండి" అనేవాడు. ఇచ్చినావిడ ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఒకసారి తలనొప్పితో, వాచిన కాళ్లతో ఆమే తమ్ముడి వెంట వచ్చింది.

"నన్ను కూడా ఓసారి చూడమని అడగరా."

"ఈయన్ని విసిగిస్తే నా మీద కోపమొస్తుందక్కా. నువ్వు వేరే ఎక్కడైనా చూపించుకో."

"సరేలే. నిలబడి నిలబడి వచ్చిన వాపే" అని ఆమె బయట బెంచీ మీద కూర్చుంది.

ఆ వాపు తగ్గలేదు. ఎవరూ కొలవని బీపీ మిగిలిన ఒక్క కిడ్నీనీ తినేసింది. ఆమెను డయాలసిస్ మంచం ఎక్కించారు. బస్సు నడిపే బావ తనది ఇస్తానన్నాడు కానీ, షుగరుంది పనికిరాదన్నారు.

అక్కది అక్కకే తిరిగి పెట్టొచ్చా అని తమ్ముడు డాక్టర్ని అడిగాడు.

"ఇన్నేళ్లలో నీ ఒంట్లో అతుక్కుపోయిందయ్యా. తీస్తే ఇద్దరూ పోతారు."

గుండెల మీంచి బండ దిగినట్టయింది అతనికి. అలాగే అక్క దగ్గరికి వెళ్లాడు.

"అడిగానక్కా. కుదరదన్నారు."

"నీ మొహం చూస్తే తెలుస్తోందిలే" అంది ఆమె. అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. వానలు పడకముందే పోయింది.

అతను మాత్రలు మానేశాడు. కొట్టుకు వచ్చిన బావ బల్ల మీద విప్పని మాత్రల అట్ట చూసి చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఎవరి సొత్తనుకుని చంపుతున్నావురా?"

"నాకు బతకాలని లేదు బావా."

"నువ్వు చస్తే నాకేం? దాన్ని చంపడానికి నువ్వెవరు? తెరు, నోరు తెరు!"

అప్పట్నుంచి బావ డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కొట్టు ముందు ఆగుతాడు. మాత్ర గొంతు దిగిందాకా చూసి, నాలుక పైకెత్తమంటాడు. ఒక్కోరోజు చొక్కా తీయించి, కుడివైపు పొత్తికడుపులో ఆ కిడ్నీ ఉబ్బెత్తుగా ఉన్నచోట అరచేయి ఆనించి కాసేపు నిలబడతాడు. అతని మొహంలోకి మాత్రం చూడడు.

మొన్న పరీక్షలకు కూడా వెంట వెళ్లాడు.

"ఇంకో పదేళ్లు ఢోకా లేదు" అన్నాడు డాక్టరు.

"విన్నావుగా" అన్నాడు బావ.