రాయమల్లు చేతికట్టె

రాయమల్లుకు కాలు బాగైపోవడమే పెద్ద కష్టమైంది. బయటివాళ్లకు వింతగా అనిపించవచ్చు గానీ, గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లు ఈ మాటకు నవ్వరు.

ఆయన బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఒకరోజు ఆ కప్పులోంచే పెళ్ల ఊడి మోకాలి మీద పడింది. నెలల తరబడి దవాఖానలో పడుకున్నాక మెడికల్ బోర్డు డాక్టర్లు చూసి అన్‌ఫిట్ అని రాశారు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం, అది కంపెనీ రూలు. అలా ప్రశాంత్ బాయి దిగాడు. ఇందులో రవ్వంత అబద్ధం లేదు. కానీ పని లేకుండా కూర్చుంటే, భార్య సారలమ్మ రోజూ నూనె పెట్టి రుద్దుతుంటే, ఆ మొండి మోకాలు రెండేళ్లకు మెల్లగా నయమైంది. దేవుడు ఇచ్చే వరాలు కొన్ని ఇలాగే వేళ తప్పి వస్తాయి.

నొప్పి పోయింది, కట్టె పోలేదు. వదిలేస్తే ఎవరైనా చూసి, వీడు అన్‌ఫిట్ ఎట్లయిండు అని అడుగుతారేమో, కొడుకు నౌకరికి ఎసరు వస్తుందేమో అని ఆయన భయం. ఆ కాలనీలోనే ఆగయ్య అని ఇంకో అన్‌ఫిట్ మనిషి ఉన్నాడు. మేనకోడలి పెళ్లి బరాత్‌లో డప్పు వినగానే ఒళ్లు మరిచి ఎగిరాడు. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కాలనీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది, అంతకుమించి ఏమీ జరగలేదు. అయినా ఆ రోజు నుంచి రాయమల్లు బాత్రూముకు కూడా కట్టె పట్టుకునే పోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది దొంగలే అనుకుంటాం గానీ, దొంగతనం చేయనివాళ్లు ఇంకాస్త గట్టిగా తడుముకుంటారు.

సారలమ్మకు అంతా తెలుసు. కానీ క్వార్టర్ల గోడలు పలచన. ఆ మాట ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు.

తెల్లవారగానే ఆమె పక్కింటి ఆడవాళ్లతో వాకింగ్‌కు పోయేది. రాయమల్లు గేటు దగ్గర కట్టె మీద గడ్డం ఆనించి, ఆమె మలుపు తిరిగేదాకా చూసేవాడు. వెనకటికి మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇద్దరూ గంగానగర్ మీదుగా గోదారి దాకా నడిచేవాళ్లు. ఒడ్డున ఒక మక్క కంకి కాల్పించుకుని చెరి సగం విరుచుకునేవాళ్లు. ఆయనది దూకుడు నడక. ఆమె వెనకబడిపోయి కేకేసేది: "ఎవలన్న తరుముతున్నరా ఏంది? జర మెల్లగ నడువ్!" ఆ కేక విని ఏళ్లయింది. రాయమల్లుకు మేడలు అక్కర్లేదు, మాన్యాలు అక్కర్లేదు. వెనక నుంచి ఆమె మళ్లీ ఒక్కసారి అలా అరవాలి. ఇంత చిన్న కోరికకు కూడా నోచుకోనా అని ఒక్కోసారి గేటు దగ్గరే కళ్లు తుడుచుకునేవాడు.

అలాంటి రోజుల్లో గ్లోరియా వచ్చింది. రాయమల్లుతో పాటు బాయిలో దుంగలు మోసిన దయాసాగర్ కూతురు ఆ పిల్ల. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ముసలివాళ్లు ఫోన్ చూసి కసరత్తు చేసుకునేలా ఒక యాప్ తయారు చేస్తోంది. పరీక్షించడానికి కాలనీ పెద్దవాళ్లను చర్చి హాలుకు పిలిచింది.

యాప్‌ను ఎవరి ఫోన్‌లో వాళ్లకు వేసిచ్చి, అక్షరాలు బస్సు బోర్డంత పెట్టింది. చదవలేనివాళ్ల కోసం తన గొంతే రికార్డు చేసింది. "కాకా, కుర్చీల కూసోండ్రి. చేతులు ఆనకుంట లేవుండ్రి." మొదటి రోజు రాయమల్లు హాయిగా లేచాడు. ఫోన్ పచ్చగా వెలిగి, హాలంతా వినబడేలా అరిచింది. "శెభాష్ కాకా! మీరు ఫిట్!"

ఎవరైనా విన్నారేమోనని ఆయన నాలుగు దిక్కులా చూశాడు. అంతే, మరునాటి నుంచి కుర్చీలోంచి లేవాలంటే అమ్మా అని ఒకటే మూలుగు. ఆయనలాంటివాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లదీ అదే పాట. పాపం గ్లోరియా కుర్చీలు పొట్టివేమో అనుకుని ఎత్తువి తెప్పించింది. గొంతు నెమ్మది చేసింది. అక్షరాలు ఇంకా పెంచింది. ఇంకాస్త పెంచితే ఒక్కో అక్షరానికి ఒక్కో ఫోన్ కొనాల్సి వచ్చేది. ఎంత సులువు చేస్తే ముసలివాళ్లు అంత కుంటుతున్నారు!

చివరికి ఒకనాటి ఉదయం రాయమల్లు ఇంటికి వచ్చింది.

"కాకా, హాల్ల కుర్చీలకెంచి లేవలేకపోతున్నరు. ఇంట్ల మాత్రం దినాం పొద్దుగాల మస్తు నడుస్తున్నరని మీ ఫోన్ల అడుగుల లెక్క చూపెడుతున్నది. నా యాప్ ఖరాబైందా?"

యాప్ ఖరాబు కాలేదు. సారలమ్మ మలుపు తిరగగానే ఆయన తలుపు దగ్గరికి వేసి, కట్టె గోడకు ఆనించి, బీరువా నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బీరువా దాకా నడిచేవాడు. జేబులోని ఫోన్ కూడా సాక్ష్యం చెబుతుందని ఆయనకేం తెలుసు?

"బిడ్డా," అన్నాడు పాలిపోయిన ముఖంతో, "ఈ లెక్క ఎవలకు పోతది? మా ఆఫీసుకు పోతదా?"

గ్లోరియాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎంతైనా బాయి మనిషి కూతురు. ఫోన్ పక్కన పెట్టి ఆయన ముందు కింద కూర్చుంది.

"ఎవలకూ పోదు కాకా. పోకుంట నేను చేస్త. అయినా బోర్డు ఎప్పుడో రాసిందాన్ని గీ ఫోన్ చూసి తిప్పి రాస్తదా?"

"నాకు తెల్సు బిడ్డా. మనసుకే తెల్వది."

గ్లోరియా గోడకున్న కట్టెను, బీరువా ముందు అరిగిన గచ్చును చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

వారం పోయాక వచ్చి, ఫోన్ ఆయన ముందు పెట్టింది. సారలమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఈసారి పచ్చ వెలుగు లేదు, శెభాష్ లేదు, ఫిట్ అనే ముచ్చటే లేదు. గ్లోరియా గొంతు మెల్లగా ఒక్కటే అడిగింది.

"కాకా, ఇయ్యాల మీకు ఏడికి పోవాలనుంది?"

ఇన్నేళ్లలో ఆయనను ఎవరూ అడగని మాట అది. రాయమల్లు ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. ఫోన్ కాసేపు ఆగి మళ్లీ అడిగింది. ఆయన దాని మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"గోదారికి. మా సారలతోని."

చిక్కుడుకాయ తుంచే చేతులు ఆగిపోయాయి. గ్లోరియా ఇంట్లో పొయ్యి మీద పాలున్నాయని ఏదో చెప్పి లేచి వెళ్లిపోయింది. సారలమ్మ చేతులు కడుక్కుంది, చెప్పులేసుకుంది, వచ్చి ఆయన చేతిలోని కట్టె లాక్కుంది.

"ఇటియ్యి. నేను పట్టుకుంట."

"నువ్వెందుకే?"

"ఎవలన్న అడిగితె మోకాళ్లు గుంజుతున్నయని చెప్త. ఇయ్యాల్టి సంది అన్‌ఫిట్ నేను. నన్నెవలు నౌకర్ల పెట్టిండ్రని తీసేస్తరు?"

ఇద్దరూ గేటు దాటారు. సారలమ్మ కట్టె టకటకలాడిస్తూ కుంటుతుంటే వీధిలో చూపులన్నీ ఆమె మీదే. రాయమల్లును ఎవరూ చూడలేదు. కానీ భయపడాల్సింది ఇంకొకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. మోకాలు బాగైంది గానీ, నడక బాగుకాలేదు; బీరువాకూ తలుపుకూ మధ్య నాలుగడుగుల్లో అది తెలియలేదు. ఇన్నేళ్లు కట్టె మీదికి వాలి వాలి ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోయింది. లేని కట్టె కోసం చెయ్యి మాటిమాటికీ గాలిలో వెతుకుతోంది. నీళ్ల ట్యాంకు దాకా పోయేసరికి ఆయాసం వచ్చింది. పక్క నుంచి బడిపిల్లలు కూడా దాటిపోయారు. ఒకప్పుడు తనను ఎవరూ అందుకోలేకపోయేవారన్న సంగతి గుర్తొచ్చి, సిగ్గుతో తల వంచుకుని అడుగు మీద అడుగు వేశాడు.

కాసేపటికి పక్కన టకటక వినిపించలేదు. సారలమ్మ కావాలనే నిలబడిపోయింది. ఆయనను పదడుగులు ముందుకు పోనిచ్చి, వెనక నుంచి గట్టిగా కేకేసింది.

"ఎవలన్న తరుముతున్నరా ఏంది? జర మెల్లగ నడువ్!"

రాయమల్లు వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్లు కనబడతాయి. గోదారి ఇంకా చాలా దూరం ఉంది.