మా ఎదురింటి లేత్ మేస్త్రీ బిగించిన బోల్టు

ఇది రాయకూడదనే అనుకున్నాను. బతికుండగానే అతన్ని ఊరంతా పొగిడింది, పోయాక నేను కూడా ఎందుకని. మా ఎదురింటి లేత్ మేస్త్రీ పోయిన నెల ఒక మంగళవారం గుండె ఆగి పోయాడు. కబురు తెలిసేసరికి నేను క్షవరం చేయించుకుంటున్నాను. సగం గడ్డంతోనే లేచి వెళ్ళాను. ఆర్మూర్‌లో అంత జనాన్ని మార్కెట్ యార్డుకు పసుపు దిగే రోజుల్లో తప్ప చూడలేదు. అక్కడా నాకు మొదట కలిగింది అసూయే. నేను పోతే ఇందులో సగమైనా వస్తారా?

నాది రేడియోలు బాగుచేసే షాపు. చదువు ఏడో తరగతి, మిగతాది చిత్తుకాగితాల కొట్టులో దొరికిన పుస్తకాల పుణ్యం. ఒక పుస్తకంలో మధ్య పేజీలు లేక, గ్రామఫోను విప్పడం, మూయడం మాత్రమే వచ్చాయి నాకు. అది వేరే కథ.

మేస్త్రీకి వాళ్ళ బావమరిది దుబాయ్ నుంచి లోహాన్ని పసిగట్టే మిషన్ తెచ్చిచ్చాడు. పొడుగాటి కర్ర, కింద పళ్ళెంలాంటి తీగచుట్ట, కాయిల్. మట్టిలో లోహముంటే కూత పెడుతుంది. పసుపు తవ్వే రోజుల్లో ఆడవాళ్ళ కమ్మలో మట్టెలో చేలో పడిపోతే, ఇతను వెళ్ళి వెతికి ఇచ్చేవాడు. తీగచుట్టల సంగతి తెలిసినవాణ్ణి నేను. కబురు మాత్రం ఎదురింటికి.

ఓసారి కాయిల్‌ను కర్రకు పట్టి ఉంచే ప్లాస్టిక్ బోల్టు విరిగింది. అతను లేత్ మీద స్టీలు బోల్టు చేసి వేశాడు. నాకు పండగైంది.

"తమ్మీ, కాయిల్ పక్కన ఇనుము పెడ్తరా ఎవరన్న? గందుకే కంపెనోడు ప్లాస్టిక్ పెట్టిండు. దొంగను జేబుల పెట్టుకొని దొంగను దేవులాడినట్టుంటది" అన్నాను.

"నువ్వు సదివినోనివి అన్నా. నాకు బిగించుడే ఎరుక."

మిషన్ ఆగకుండా కూసింది. నేను ఆ పూట రెండు చాయ్‌లు తాగాను. మర్నాటికి కూత లేదు. బోల్టు ఇసుమంత కూడా కదలకుండా బిగించి, మిషన్‌ను మళ్ళీ సరిచేసుకున్నాడు.

"కదిలితేనే లొల్లి అన్నా. ఒక్కకాడ కుదురుగ ఉంటే మిషన్ కూడ దాన్ని ఇంటిదే అనుకుంటది."

ఈ మాట నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత ఆలూర్‌లో ఒక కోడలి పుస్తె చేలో తెగిపడింది. మేస్త్రీ నన్నూ వెంట రమ్మన్నాడు. ఆ పిల్ల మెడలో పుస్తెకు బదులు ఆ చేలోని పసుపు కొమ్మునే తాడుకు కట్టి ఉంచారు.

"పొద్దుగూకే లోపట దొరకకుంటే మీ తల్లిగారింటికి పో" అంటోంది అత్త. కోడలు మట్టి వేళ్ళతో ఆ కొమ్మును పట్టుకుని నిలబడింది.

మేస్త్రీ నీళ్ళు తాగడానికి బోరు దగ్గరికి వెళ్ళాడు. నేను అతని సంచిలోని పానా తీసి ఆ బోల్టు నట్టును అరచుట్టు వదులు చేశాను. ఒక్కసారైనా అతను ఉత్త చేతులతో తిరిగి రావడం చూడాలనిపించింది.

మిషన్ చేనంతా కూస్తూనే ఉంది. "ఇగ అయినట్టే" అని అత్త కొంగు దులిపింది. కోడలు కూలబడింది. మేస్త్రీ వంగి నట్టును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"తొవ్వల గుంతలకు సడలినట్టుందన్నా. పానా ఇటియ్యరాదూ" అని సంచి వైపు కాకుండా నా వైపే చెయ్యి చాపాడు. అది నా జేబులోనే ఉంది. ఇచ్చాను.

కాసేపటికి ఒక పసుపు దుబ్బు మట్టిలో ఇరుక్కున్న పుస్తె దొరికింది. కోడలు కాళ్ళకు మొక్కబోతే అతను వెనక్కి జరిగాడు.

"నాదేముందమ్మా. లోపటి కరెంటు సంగతంత మా అన్నకే ఎరుక."

అత్త నాకూ సర్వపిండి పెట్టింది. అంత చేదు సర్వపిండి మళ్ళీ తినలేదు. మేస్త్రీ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. అప్పటిదాకా అతని పనితనం చూసి కుళ్ళుకునేవాణ్ణి, ఆ రోజు నుంచి మనసు చూసి కూడా. ఊరికి తెలియని ఈ ఒక్క సంగతి నేను చెప్పకపోతే చెప్పేవాడు లేడు, అందుకే రాస్తున్నాను.

దశదినకర్మ అయ్యాక అతని భార్య మిషన్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"తనకేమన్న అయితే నీకే ఇయ్యుమని ఎన్నడో అన్నడు బావా. అన్న అయితే నడిపిస్తడు అన్నడు."

ఆమె వెళ్ళాక బోల్టు చూశాను. నేను వదులు చేసిన నట్టు మళ్ళీ సడలకుండా దాని మీద ఇంకో నట్టు బిగించి ఉంది. ఆలూర్ నాటికి అది లేదు. వేళ్ళతో తిప్పి చూశాను. కదల్లేదు.