గంట మోగని పండగ

ఆదివారం పొద్దున బేరిగైలో మంచు విడవకముందే చర్చి గంట మోగింది. కృష్ణగిరి నుంచి మా అన్న ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడుకు నా చూపు గోపురం మీదికి పోతుంది. ఈ ఏడు గుడ్లగూబలు రాలేదన్నమాట అనుకుంటాను. వెంటనే బిషప్ గారు గుర్తొస్తారు.

పదవి దిగాక ఆయన మా కొట్టు ఎదురుగా, చర్చి పక్కగదిలో ఉండేవారు. పిట్టల మీద వ్యాసాలు రాసేవారు. వాటిని టైపు చేసేది నేను. మాది వ్రతాలూ నోములూ ఉన్న ఇల్లు. ఆ సంగతి ఆయనకూ పట్టేది కాదు, మాకూ పట్టేది కాదు. ఇన్ని పిట్టల గురించి రాస్తారు, ఒక్కదాన్నీ అందంగా ఉందనరేమని ఒకసారి అడిగాను. మర్నాడు తెల్లవారుతూనే కెలవరపల్లి డ్యాముకు తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టారు. నీళ్లేవో మంచేదో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి కొంగలు ఒక్కొక్కటే ఊడిపడినట్టు వచ్చాయి.

"చూసినావు గదమ్మా. ఇంగ ఆ మాట కావల్నా?" అన్నారు.

ఆ పొద్దు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది.

ఒక ఏడు చర్చి పండగ ముందురోజు, తాడు సరిచూడ్డానికి గోపురమెక్కిన చర్చి పెద్ద చిన్నప్ప గాబరాగా దిగొచ్చాడు. గంట పక్కనే గుడ్లగూబ పిల్లల్ని పెట్టింది. గూబ అరిష్టం, గంట లేని పండగ అంతకన్నా అరిష్టం, తరిమేస్తానని అతని పట్టు. గంట కొడితే పిల్లలు బెదిరి కిందపడి చస్తాయని బిషప్ గారి బెంగ.

"గూబ ఇంట్లో దూరితే మనము ఏం చేస్తాము చిన్నప్పా?"

"ఇల్లు ఇడిచిపెట్టి పోతాము సామీ."

"అట్లే గోపురాన్నీ ఇడిచిపెడదామప్పా. రెక్కలొచ్చి పోయినాక మళ్లీ మనదే."

చిన్నప్ప మూతి ముడుచుకున్నాడు. మర్నాడు గంటకు బదులు బిషప్ గారే చేతికర్ర పట్టుకుని గడప గడపకూ పోయి పండగకు రమ్మని పిలిచారు. మా గడప ముందూ నిలబడ్డారు. గంట ఏనాడూ మా ఇంటిని పిలిచింది కాదు. నాన్న కొట్టు మూసి ఆయన వెనకే నడిచాడు.

కొన్నేళ్ల తర్వాత ఒక తెల్లవారుజామున మా తలుపు తట్టింది చిన్నప్పే. బిషప్ గారు పోయారని వీధి చివర నుంచి ఇంటింటికీ చెప్పుకుంటూ వస్తున్నాడు. చావు గంట వినపడలేదేమని నాన్న అడిగాడు. చిన్నప్ప కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"పైన గూబ పిల్లలుండాయప్పా. ఇంగా రెక్కలు రాలేదు."

నాకు దుఃఖం ఆగలేదు. ఇప్పటికీ ఎవరికైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే నాకు ఫోను తియ్యబుద్ధి కాదు. చెప్పులేసుకుని వాళ్ల గడప దాకా పోతాను.