బీరువాలో బ్యాడ్జీలు

మా స్కాన్ సెంటర్లో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని అణు భద్రత చూసే ఆఫీసు వెబ్‌సైట్‌లో కాగితాలు ఎక్కించే పని నా నెత్తిన పడింది. చేరింది ఎక్స్‌రేలు తీయడానికి. ఆ వెబ్‌సైట్‌లో మాత్రం నేను రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ని. జీతం పాతదే. ఆ వెబ్‌సైట్‌కి జాలీ దయా లేవు. ఫైలు కాస్త పెద్దదైతే తీసుకోదు, తగ్గించి పెడితే అక్షరాలు కనబడటం లేదని తిప్పి పంపుతుంది. అంత పట్టింపు ఉన్నవాళ్ళు ఒక్కసారి విజయవాడ వచ్చి మా గది చూసి ఉంటే బాగుండేదని ఇప్పుడు తిట్టుకుంటాను. తప్పు నాది, కోపం వాళ్ళ మీద.

ఆ గదిలో నాకంటే ముందు నుంచీ ఒక అక్క పనిచేసేది. తోడబుట్టింది కాదు, నాకు పని నేర్పింది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా డ్యూటీకి వచ్చేది. ఆటోనగర్లో వేళ్ళు నలిగిన మెకానిక్కులు, హనుమాన్ జంక్షన్ దగ్గర బండి మీంచి పడ్డవాళ్ళు, గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లలు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. కదలకుండా పిల్లల్ని పట్టుకుని నిలబడేది అక్కే. రేడియేషన్ తగలకుండా వేసుకునే సీసపు ఏప్రన్ చిరిగి చాలాకాలమైంది. దసరాకి మెషిన్‌కి బొట్లు పెట్టి గుమ్మడికాయ కొట్టించడం సెంటరు నడిపే మా డాక్టరుగారు ఏ ఏడూ మర్చిపోలేదు. ఏప్రన్ సంగతి మాత్రం ఆయనకి ఏ ఏడూ గుర్తు రాలేదు.

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే చిన్న బ్యాడ్జి ఒకటి ఛాతీకి పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే లెక్క వస్తుంది. ఒకసారి అక్క బ్యాడ్జిలో లెక్క ఎక్కువ వచ్చింది. కారణం చెప్పమని ఆ ఆఫీసు అడిగింది. పొరపాటున బ్యాడ్జి మెషిన్ దగ్గర మర్చిపోయిందని రాయమన్నారు డాక్టరుగారు, నేను టైపు చేసి ఎక్కించాను. మర్నాడే ఆయన బ్యాడ్జీలన్నీ తీసుకెళ్ళి తన గదిలో బీరువాలో పెట్టారు.

"నా దగ్గరైతే భద్రంగా ఉంటాయయ్యా" అన్నారు.

భద్రంగానే ఉన్నాయి. బీరువాకి రేడియేషన్ ఎందుకు తగులుతుంది? ప్రతిసారీ సున్నాయే. ఏడాది చివర రిపోర్టులో 'ఈ వివరాలన్నీ నిజం' అన్నచోట టిక్కు పెట్టేది నేను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏడేళ్ళు పెట్టాను.

"అది మన ఒంటి మీద కదా తమ్ముడూ ఉండాల్సింది?" అని అక్క ఒకసారి అడిగింది.

"డాక్టరుగారి ఇష్టం అక్కా" అన్నాను.

కిందటేడు ఆవిడకి రక్తంలో జబ్బు బయటపడింది. మంగళగిరి దగ్గర ఒక ఆసుపత్రిలో చేరింది. పని వల్ల వచ్చిన జబ్బని అక్కడి డాక్టరు రాసిస్తే వైద్యం ఖర్చంతా మా సెంటరు పెట్టుకోవాలి. లేకపోతే వాళ్ళాయన ఆటో అమ్మాలి. అలా రాయాలంటే ఆ డాక్టరుకి రేడియేషన్ లెక్క కావాలి.

"నా లెక్క నువ్వే పట్టుకురా తమ్ముడూ. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తావు" అని అక్క ఫోన్ చేసింది.

జబ్బు ఆ గది వల్లే వచ్చిందని నేను చెప్పలేను. తెలుసుకునే దారి మూసింది మాత్రం నేను. బ్యాడ్జి లెక్కలు ప్రింటు తీసుకుని బస్సెక్కాను. బ్యాడ్జీల సంగతి చెప్పేద్దామని దారంతా గట్టిగానే అనుకున్నాను.

అక్క మంచం దగ్గర ఆసుపత్రి డాక్టరు నిలబడే కాగితం చదివాడు. "ఒకసారి ఎక్కువొస్తే పొరపాటని రాసుంది, ఆ తర్వాత అన్నీ సున్నాలే. పని వల్ల అని ఎలా రాయమంటారమ్మా?" అన్నాడు.

"బ్యాడ్జి బీరువాలో ఉండేదండీ, నా ఒంటి మీద లేదు. మా తమ్ముడికి తెలుసు, అడగండి" అంది అక్క.

ఆయన నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

ప్రింటు కింద సేఫ్టీ ఆఫీసర్ అన్నచోట నా పేరుంది. దాన్నే చూస్తూ, "రికార్డులో ఉన్నదే నిజమండీ" అన్నాను.

ఆయన తలూపి, కాగితం ఫైల్లో పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. అక్క దుప్పటి భుజాల మీదికి లాక్కుంది.

"డ్యూటీకి ఆలస్యమవుద్ది, వెళ్ళు" అంది. తమ్ముడూ అనలేదు.